ఏడో పాట సంగతి

పోయిన ఏప్రిల్ చివరి వారంలో ఒక సాయంత్రం, ఎండ ఇంకా పూర్తిగా దిగకముందే, నెల్లూరులో మా ఇంటికి ఇద్దరు మిత్రులు ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. ఇద్దరూ మా ఊరి కరోకే బృందం వాళ్ళు. ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, ఇంకొకరు ట్రంకు రోడ్డులో బట్టల దుకాణం నడుపుతున్నవారు. మే 7న ఆచార్య ఆత్రేయ జయంతికి ఆయన పాటలు పద్నాలుగింటిని తమ గొంతులతో పాడి నివాళి సంపుటిగా తెస్తున్నామనీ, ఒక్కొక్కటి 300 రూపాయలకు అమ్మి, వచ్చిన డబ్బంతా తలసీమియా ఉన్న పిల్లల కోసం ఖర్చు పెడతామనీ చెప్పారు. ఆ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వేసవిలో కాలేజీలకు సెలవులు ఇచ్చేసరికి రక్తదాతలు తగ్గిపోతారు కనుక, తల్లిదండ్రులు ఎక్కువగా తిరగవలసి వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఇంతవరకు విని నేనూ సంతోషించాను. కానీ వాళ్ళు నా దగ్గరికి వచ్చిన పని వేరు. జూన్‌లో బడులు తెరిచాక ఈ సంపుటిని హైస్కూళ్ళ ద్వారా కూడా అమ్మాలని వాళ్ళ ఆలోచన. అందుకు అట్ట మీద ఒక వాక్యం కావాలి: "ఈ సంపుటి అన్ని వయసుల పిల్లలూ వినదగినది." దాని కింద, ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన ఉపాధ్యాయుడిగా నా పేరు.

విని చెప్తానన్నాను. బట్టల దుకాణం మిత్రుడు నవ్వాడు. "వినేదానికేముంది సార్? ఆత్రేయ పాటలు మీకు తెలీనివా? పైగా పసిబిడ్డల రక్తం కోసం చేస్తా ఉండాం."

'పైగా' అన్న మాట

వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆ 'పైగా' నా చెవుల్లో మిగిలిపోయింది. అతను దురుద్దేశంతో అనలేదు. సహజంగా వచ్చింది, అంతే. అందరికీ అంత సహజంగా వస్తుంది కనుకనే దాని గురించి ఇంత రాయాలనిపించింది.

మామూలుగా కొత్త సినిమా పాటలు వస్తే పిల్లలు వినవచ్చునా లేదా అని మాట్లాడుకోవడానికి మనకేమీ మొహమాటం ఉండదు. కాఫీ హోటల్లో కూర్చుని, రాసినవారినీ పాడినవారినీ కడిగేస్తాం. నివాళి సంపుటి దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు పెగలదు, ఎందుకంటే గడప మీద ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకరు మనం గౌరవించే, ఇప్పుడు లేని కవి, మరొకరు జబ్బుతో ఉన్న పసిబిడ్డ. వీళ్ళిద్దరినీ దాటుకుని లోపలికి వెళ్ళి "ఈ పాట తొమ్మిదేళ్ళ పిల్ల వినవచ్చునా?" అని అడిగేవాడు మర్యాద తెలియనివాడిగా, ఇంకా చెప్పాలంటే రాతి గుండె మనిషిగా కనిపిస్తాడు. నాకే అలా అనిపించింది. ఆ రాత్రి ఒక దశలో, విన్నా వినకపోయినా ఆ వాక్యం రాసి ఇచ్చేద్దామనుకున్నాను.

అన్నదానం పంక్తిలో కూర్చున్న తల్లిని గమనించండి. వడ్డించేది దేవుడి ప్రసాదమైనా, పెట్టినవాడు ఎంత పుణ్యాత్ముడైనా, పిల్లకు కలిపిన ముద్దలో కాస్త ముందు తన నాలుక మీద వేసుకుని కారం చూసి మరీ పెడుతుంది. మన నెల్లూరు కారం సంగతి తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆమె దాతను అవమానించిందని ఎవరూ అనరు. సంపుటి కొనడానికి కారణాలు వేరు, పిల్లలకు వినిపించడానికి కారణాలు వేరు. నేను పది కొని బీరువాలో పెట్టి తాళం వేసినా 3,000 రూపాయలు ఆ పిల్లలకు చేరతాయి. రక్తం అందడానికి ఎవరూ పాట వినవలసిన పని లేదు. ఈ రెండు కారణాలనూ ఒకే మూటలో కట్టినప్పుడే 'పైగా' అన్న మాట పుడుతుంది.

పడమటి దేశాల్లో ఇలాంటి సంపుటులకు పెద్ద చరిత్రే ఉంది. 1990లో, ఎయిడ్స్ బాధితుల సహాయం కోసం, అప్పటి ప్రసిద్ధ గాయకులు చాలామంది కలిసి అమెరికా పాటల రచయిత కోల్ పోర్టర్ పాటలను కొత్తగా పాడి ఒక సంపుటి తెచ్చారు. కోల్ పోర్టర్ కూడా ఒక విధంగా మన ఆత్రేయలాంటివాడే. మాటల వెనక మాట దాచడంలో ఘనుడు. వీధిలో నిలబడి ప్రేమను అమ్ముకునే స్త్రీ గొంతుతో 1930లో ఆయన రాసిన ఒక పాటను అమెరికా రేడియోల్లో మాటలతో పాడనివ్వలేదు, వాద్యాల మీద మాత్రమే వినిపించేవారు. అరవై ఏళ్ళ తర్వాత అదే పాట ఆ సహాయ సంపుటిలో దర్జాగా చోటు చేసుకుంది. కాలం మారింది కాబట్టి సరే అనవచ్చు. ఎయిడ్స్ గురించి దాపరికం లేకుండా మాట్లాడడమే ఆ సంపుటి ఉద్దేశం కాబట్టి, అందులో ఆ పాట ఉండడం న్యాయమేనని కూడా అనవచ్చు. పదహారేళ్ళ వాళ్ళు దాన్ని వినాలనే నేనంటాను. కానీ అది సహాయం కోసం పాడినది కనుక ఆరేళ్ళ పిల్లకు కూడా తగినదైపోయిందని మాత్రం ఎవరూ అనలేరు. పని మంచిదైనంత మాత్రాన పాటలోని వీధి మారలేదు.

మనవరాలితో విన్న పద్నాలుగు పాటలు

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. బెంగళూరులో చదువుతుంది, వేసవికి మా దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం పూట ఎండకు బయటికి పోనివ్వం కాబట్టి, రెండు రోజులు వరసగా ఆ పెన్‌డ్రైవ్ పెట్టుకుని ఇద్దరం విన్నాం. ఆమె ఏమీ అడగకుండా నేనేమీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. ఉపాధ్యాయుడికి ఇది కొంచెం కష్టమైన నియమం.

మొదటిది తోడికోడళ్ళు (1957)లోని పాట. కారులో షికారు వెళ్ళే సంపన్నురాలిని ఆపి, నీ సుఖాల వెనక ఎవరి చెమట ఉందో తెలుసునా అని నిలదీస్తుంది. శ్రీశ్రీ రాశారని ఇప్పటికీ చాలామంది పొరబడతారు. నేను దీని గురించి ఆలోచించవలసిందేమీ లేదనుకుని, పిల్లలు వినదగినవాటిలో ముందే టిక్కు పెట్టుకున్నాను. పాట సగంలో ఉండగా మనవరాలు నా వైపు తిరిగి, "తాతా, ఆ అక్కను ఎందుకు తిడుతున్నాడు? కారులో పోతే తప్పా?" అంది. తను రోజూ బడికి కారులోనే పోతుంది. ముఖం చిన్నబోయింది. అది తప్పు కాదనీ, కారు ఎవరు చేశారో తెలుసుకొమ్మని మాత్రమే అంటున్నాడనీ చెప్పాను. ఆ సాయంత్రం మా ఎదుటి స్థలంలో కట్టుబడి పని చేస్తున్న తమిళ కూలీల వైపు చాలాసేపు చూసి, "ఈ ఇల్లు అయిపోయాక వీళ్ళు ఇందులోనే ఉంటారా?" అని అడిగింది. ఉండరని చెప్పాను. ఆమె మళ్ళీ ఏమీ అనలేదు.

ఈ సంపుటిలో పిల్లలకు అన్నిటికంటే తగిన పాట అదేనని ఇప్పుడు నా నమ్మకం. పిల్లకు ఇబ్బంది కలిగించింది కూడా అదే. అంటే, పిల్లలకు తగినదాన్ని నొప్పి లేనిదిగా భావిస్తూ ఇన్నాళ్ళూ నేను మోస్తున్న కొలబద్ద మొదటి పాట దగ్గరే విరిగింది.

మూగమనసులు (1964) పాటలు రెండు ఉన్నాయి. రెండూ తలూపుతూ విన్నది, అందులో ఒక పల్లవి మర్నాటికల్లా నోటికి వచ్చేసింది. వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఏడో పాట ఆత్మబలం (1964)లోని వాన పాట. నా అనుమానమంతా మొదటి నుంచీ దీని మీదే. అసలు పాటలో ఘంటసాల, సుశీల ఎంత పొదుపుగా పాడారో గుర్తున్నవారికి తెలుసు. వానలో తడిసిన ఇద్దరి ఉల్లాసం ఆ గొంతుల్లో ఉంది, మిగతాది వినేవారి ఊహకే వదిలేశారు. మా బృందంలో ఆ పాట పాడిన ఆవిడ మంచి గాయని, శ్రుతి ఎక్కడా తప్పదు. కానీ భావం పలికించాలన్న పట్టుదలతో ప్రతి చరణం చివరా ఒక నిట్టూర్పు, మధ్య మధ్య ఒక వణుకు చేర్చింది. నేను కుర్చీలో కదిలాను. మనవరాలు చాలా శ్రద్ధగా విని, "పాపం, ఆ ఆంటీకి వానలో తడిసి జలుబు చేసినట్టుంది" అంది.

నవ్వు ఆపుకోలేక లేచి వంటింట్లోకి పోయాను. కానీ ఆ పాటకు ముందున్న దానికి నవ్వు రాలేదు. ప్రతి పాటకూ ముందు ఒక వ్యాఖ్యాత అర నిమిషం మాట్లాడతాడు. ఏడో పాటకు ముందు, పెళ్ళికి ముందు వాన వస్తే ప్రియురాలు గుర్తుకొస్తుందనీ, పెళ్ళయ్యాక గొడుగు గుర్తుకొస్తుందనీ మొదలుపెట్టి, భార్యల లావు గురించి ఇంకో మాట అని, ఆ తర్వాత నేనిక్కడ రాయలేని మాట ఒకటి అన్నాడు. వెనక నలుగురైదుగురు పగలబడి నవ్వారు. "ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది మనవరాలు. జలుబు దగ్గర నేను నవ్విన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. ఏమీ లేదమ్మా అని దాటవేశాను. ఆ రెండు రోజుల్లో నేను అబద్ధమాడింది అక్కడొక్కచోటే.

పదకొండోది ప్రేమనగర్ (1971)లోని విషాద గీతం. మనసు గతిని తలచుకుని కుమిలిపోయే ఆ పాటను మా తరంలో పాడని గొంతు లేదు. ఇందులో ఒక్క కొంటె మాట లేదు, ఒక్క అసభ్యత లేదు. అట్ట మీద వాక్యం అడిగినవారి లెక్క ప్రకారం ఇది పవిత్రమైన పాట. ఆ పాట అవుతూ ఉండగా మనవరాలు మెల్లగా లేచి వాళ్ళ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి అక్కడి నుంచే అడిగింది: "అంత ఏడుపొస్తే ఆయన వాళ్ళమ్మ దగ్గరికి పోవచ్చు కదా?"

ఆమెకు ఆ రాత్రి నిద్ర చెదిరిందని చెప్పను, చెదరలేదు కూడా. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ బాధకు ఆనుకోవడానికి ఏమీ లేదు. ప్రేమ తెలియదు, పోగొట్టుకోవడం తెలియదు. ఒక పెద్దమనిషి ఏడుస్తున్నాడని మాత్రమే తెలుస్తుంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక నాయనమ్మ చెంగు పట్టుకుంటుంది. నేను భయపడిన వాన పాటను వాన పాటగానే విన్న పిల్ల, నేను ఏమాత్రం భయపడని పాట దగ్గర లేచి వెళ్ళిపోయింది. ఆత్రేయ రాయక నిర్మాతలనూ, రాసి ప్రేక్షకులనూ ఏడిపిస్తాడని సినిమా లోకంలో ఒక ఛలోక్తి ఉండేది. రెండో సగం ఎంత నిజమో ఆ మధ్యాహ్నం మా ఇంట్లో తెలిసింది.

పక్కింటి అబ్బాయి

ఒక్క పిల్లను చూసి తీర్పు చెప్పడం సరికాదని, పక్కింటి అబ్బాయికి కూడా ఆ పాటలు కాపీ చేసి ఇచ్చాను. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయింది, హాస్టల్ నుంచి వారం రోజులకు ఇంటికి వచ్చాడు. అతనికి తోడికోడళ్ళు పాట పాఠంలా అనిపించిందట. వ్యాఖ్యాత జోకులకు నవ్వు రాలేదనీ, వాట్సాప్‌లో మామయ్యలు పంపే బాపతు అనీ అన్నాడు. ప్రేమనగర్‌లోనే తాగిన మత్తులో లోకాన్ని లెక్కచేయనని హీరో పాడే పాటను మాత్రం మూడుసార్లు విన్నానన్నాడు. తాగుడు గురించి అడిగితే, "అది మా సందు చివర రోజూ కనపడేదే కదా సార్" అని తేల్చేశాడు. నేను దాన్ని ఇక తవ్వలేదు.

మరో చరిత్ర (1978) పాట గురించి అతనితో మాట్లాడాక నాకొక సంగతి తట్టింది. ఆ పాట హుషారైన పాట. కానీ ఆ సినిమా ప్రేమికుల చావుతో ముగుస్తుందని తెలిసిన మా వయసు వాళ్ళకు ఆ హుషారు వెనక ఒక నీడ వినిపిస్తూనే ఉంటుంది. ఆ నీడను తలచుకుని ఆ పాట పక్కన నేను ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఆ అబ్బాయి సినిమా చూడలేదు, పేరు కూడా వినలేదు. అతనికి అది తమిళబ్బాయి, తెలుగమ్మాయి ఊసు కూడా కాదు, మంచి ట్యూను, అంతే. పాటలో లేనిదాన్ని నేను తెచ్చి పాటకు అంటగట్టాను. పెద్దలం పాటలను తీర్పు చెప్పేటప్పుడు ఎంత భాగం పాటను వింటున్నామో, ఎంత భాగం మన జ్ఞాపకాలను వింటున్నామో విడదీయడం కష్టం.

అయితే అతను పదకొండో పాట గురించి అన్నమాట తేలికగా తీసుకోలేకపోయాను. "హాస్టల్లో రాత్రిపూట ఒక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇట్టాంటివి వినేవాళ్ళు ఉండారు సార్. మార్కులు తక్కువొచ్చిన రోజు వింటే బాగుండదు." ఇంట్లో పదిమంది మధ్య రేడియోలో వినబడే విషాద గీతానికీ, గోడవైపు తిరిగి పడుకున్న పదహారేళ్ళ వాడి చెవిలో మోగే అదే గీతానికీ తేడా ఉందని నేను అతని నుంచే నేర్చుకున్నాను. పాట తగినదా కాదా అన్నదానిలో పక్కన ఎవరున్నారన్నది కూడా ఒక భాగమే. అట్ట మీద రాసే వాక్యంలో దీనికి చోటు లేదు.

నాకే వచ్చిన అనుమానాలు

ఇంత ఆలోచన అనవసరమేమో అని కూడా చాలాసార్లు అనిపించింది. కందుకూరు దగ్గరి మా ఊళ్ళో నా చిన్నప్పటి పెళ్ళిళ్ళు గుర్తుకొచ్చాయి. బంతి భోజనాల దగ్గర ఆడవాళ్ళు వియ్యపురాలి మీద పాడే పాటల్లో ఉన్న సరసం ముందు ఆత్రేయ వాన పాట ఏపాటిది? మేం పిల్లలం ఆ ఆకుల మధ్యే తిరుగుతూ అవన్నీ విన్నాం, కొన్నిటిని అర్థం తెలియకుండా పాడి వీపు వాయగొట్టించుకున్నాం కూడా. అప్పగింతల పాటలకు ఏడవని పిల్ల ఉండేది కాదు. ఎవరూ వయసుల ముద్ర వేయలేదు. క్షేత్రయ్య పదాలనే చూడండి. మా ఊళ్ళో నాట్యం నేర్చుకునే పన్నెండేళ్ళ అమ్మాయిలు వాటిని అభినయిస్తుంటే తల్లిదండ్రులు ముందు వరుసలో కూర్చుని ఫోన్లలో వీడియో తీసుకుంటారు. ఆ పదాల అర్థం విడమరిచి చెప్తే సగంమంది లేచిపోతారు. శాస్త్రీయం అన్న మాట అక్కడ, సహాయం అన్న మాట ఇక్కడ, ఒకే పని చేస్తున్నాయి.

పెళ్ళి పాటల సంగతికి నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది: అక్కడ పాడేవారూ వినేవారూ ఒకరికొకరు తెలుసు. ఏ పాట శ్రుతి మించిందో చూసి "పిల్లలున్నారే" అని గదిమే ఒక పెద్దావిడ ప్రతి బంతిలోనూ ఉండేది. పెన్‌డ్రైవ్‌లో ఆవిడ ఉండదు. ఈ జవాబు పూర్తిగా నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. గదిమిన తర్వాత కూడా పాట సాగేది మరి.

గట్టిగా కట్టడి చేసినప్పుడు ఏం జరిగిందో కూడా మనకు తెలుసు. 1952లో బి.వి.కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణి సినిమా పాటలకు దాదాపు తలుపు మూసింది. జనం శాస్త్రీయ సంగీతం వైపు తిరుగుతారనుకున్నారు, వాళ్ళు సిలోన్ రేడియో వైపు తిరిగారు. చివరికి 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టక తప్పలేదు. అమెరికాలో 1985లో కొందరు తల్లులు సంఘం కట్టి పాటల మీద హెచ్చరిక ముద్ర ఉండాలని పట్టుబట్టారు. సెనేట్ కమిటీ ముందు విచారణ కూడా జరిగింది. 1990 నాటికి నలుపు తెలుపుల్లో ఒక చిన్న చీటీ ఖాయమైంది. ఆ చీటీ ఉన్నవాటినే కుర్రాళ్ళు వెతికి కొన్నారని దాని మీద పాత ఫిర్యాదు. ఇప్పుడు ఫోన్లలోని పాటల యాప్‌లలో పాట పక్కన చిన్న ఇంగ్లీషు 'E' అక్షరం కనిపించేది ఆ చీటీ వంశమే. తెలుగు పాటలకు అది పెద్దగా పనికిరాదు. అది బూతు మాటలను పట్టుకోగలదు, మన సినిమా పాటల్లో విడివిడిగా చూస్తే ఒక్క బూతు మాట ఉండదు. నిమ్మకాయలు, మల్లెపూలు, దుప్పట్లు, తలుపు గడియలు ఉంటాయి. ఆత్రేయ కొంటె పాటలను వెక్కిరిస్తూ ఆయన పేరునే వంకరగా పలికినవాళ్ళు కూడా ఆయన వాడిన ఒక్క మాటనూ నిఘంటువు ముందు పెట్టి తప్పు పట్టలేరు.

మన దగ్గర సినిమాలకు ముద్రలున్నాయి. 2023 సవరణతో యూఏలో 7, 13, 16 ఏళ్ళ మెట్లు కూడా వచ్చాయి. అదే పాట విడిగా చెవిలోకి వచ్చినప్పుడు చూసేవారెవరూ లేరు. టీవీ డాన్సు పోటీల్లో పసిపిల్లల చేత పెద్దల చేష్టలు చేయిస్తున్నారని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్ళకు సలహా పంపింది. కళ్ళకు కనిపించేది కాబట్టి అది తప్పుగా తోచింది. వినిపించేదాన్ని ఇళ్ళకే వదిలేశారు. అలా వదిలేయడమే మంచిదని నేననుకుంటాను. కానీ ఇంటికి వదిలేసిన పనిని, ఒక రిటైరైన ఉపాధ్యాయుడి పేరుతో అట్ట మీద ముందే పూర్తిచేసి ఇస్తే, ఇంట్లో వాళ్ళు ఇక ఎందుకు వింటారు?

రాసి ఇచ్చిన కాగితం

మిత్రులు మళ్ళీ వచ్చినప్పుడు, నా సందేహాలన్నిటి కంటే ముందు ఒక ప్రశ్న అడిగాను. బడిపంతులు (1972)లో దేశానికి జేజేలు పలికే పాట రాసింది ఆత్రేయే. ఆ సినిమాలోనే టెలిఫోన్ పెట్టెలో బూచాడున్నాడంటూ పసితనపు శ్రీదేవి ఆడిపాడే పాట రాసింది కూడా ఆయనే. పిల్లల కోసం తెచ్చే సంపుటిలో ఈ రెండింటిలో ఒక్కటైనా ఎందుకు లేదు?

బ్యాంకు మిత్రుడు నిజాయితీపరుడు. "అవి ఎవరు కొంటారు సార్? కొనేవాళ్ళంతా మన వయసువాళ్ళే. కార్లో పెట్టుకుని వింటారు" అన్నాడు.

నేను వెతుకుతున్న మాట ఆయన నోటే వచ్చింది. ఇది యాభై దాటినవాళ్ళు, యాభై దాటినవాళ్ళ కోసం, తమ యవ్వనాన్ని తలచుకుంటూ పాడిన సంపుటి. డబ్బు పిల్లలకు పోతుంది, పాటలు పెద్దలవి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అట్ట మీద ఆ ఒక్క వాక్యమే అబద్ధం. ఆ మాటే చెప్పాను. బట్టల దుకాణం మిత్రుడికి కోపం వచ్చింది. బడుల్లో రెండు వందలు అమ్మితే 60,000 రూపాయలు వస్తాయి, ఆ డబ్బు మీరు తెచ్చిస్తారా అని అడిగాడు. తెచ్చివ్వలేను. ఆ లెక్కకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు క్షయ నివారణ సీళ్ళూ, జెండా దినం స్టిక్కర్లూ తరగతిలో నేనూ అమ్మాను. అయ్యవారు చేయి చాస్తే వద్దని చెప్పగలిగిన పిల్లవాడు ముప్పయ్యేళ్ళలో ఒక్కడూ కనబడలేదు. 300 రూపాయలంటే మా బడి పిల్లల ఇళ్ళలో చాలావాటికి ఒక రోజు కూలిలో సగం. ఇది నా అభ్యంతరంలో చిన్న భాగమే, కానీ ఆ రోజు గొంతు పెంచి చెప్పింది దీని గురించే.

చివరికి ఆ వాక్యానికి బదులు ఒక చిన్న కాగితం రాసి ఇచ్చాను. మొదటి పాటను పిల్లలతో కలిసి వినమనీ, అడిగినదానికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమనీ రాశాను. పదకొండో పాటను చిన్నపిల్లలకు పెట్టవద్దనీ, పెద్ద పిల్లలైతే ఒంటరిగా వదలవద్దనీ రాశాను. ఏడో పాటకు ముందున్న వ్యాఖ్యానం తీసేయమనీ, తీయకపోతే పిల్లలున్నచోట ఆ పాట దాటవేయమనీ రాశాను. వాన పాట పిల్లలకు వినిపించాలనుంటే ఘంటసాల, సుశీల పాడినదే వినిపించమని కూడా రాసి, గాయని నొచ్చుకుంటారని కొట్టేశాను. రెండో సంపుటి అంటూ తెస్తే బూచాడి పాటతో మొదలుపెట్టమని కోరాను.

వ్యాఖ్యానం తీయలేదు, రికార్డింగు ఖర్చు మళ్ళీ అవుతుందన్నారు. బడుల ద్వారా అమ్మే ఆలోచన మానుకున్నారు, అది నా మాట విన్నందుకో, జూన్‌లో ఎవరికీ తీరిక లేకనో నాకు తెలియదు. నా కాగితాన్ని మాత్రం, పాపం, మర్యాదకు కుదించి అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చు వేశారు.

మే 7 సాయంత్రం టౌన్‌హాల్‌లో ఆవిష్కరణ. మెట్ల పక్కన బల్ల వేసి అమ్ముతున్నారు. నేను ఐదు కొన్నాను. నా వెనక ఇద్దరు కుర్రాళ్ళు, ఇరవై లోపు వాళ్ళే, ఒక అట్ట తిప్పి చూస్తున్నారు. ఒకడు కళ్ళు చికిలించి ఆ చీమ అక్షరాలను ఓపిగ్గా చదివి, బల్ల దగ్గరున్న బ్యాంకు మిత్రుణ్ణి అడిగాడు:

"అంకుల్, ఈ ఏడో పాట ఏందో ఒకసారి పెట్టండి, విని తీసుకుంటాం."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత స్పీకర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి, ఏడు నొక్కాడు.